గతజల సేతుబంధనము



2025 వేసవిలో మచిలీపట్నంలో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో నేను చేసిన పిరికిపనికి ఈ టపా ప్రాయశ్చిత్తం. చేయదగని చోట చప్పట్లు కొట్టాను. అదీ నా నేరం.

గోష్ఠి విషయం ప్రబంధ వాఙ్మయం. అయితే సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ ఆ ఏప్రిల్ 4న కొత్త హంగులతో మళ్ళీ థియేటర్లకు వచ్చి ఉంది. అందులో శ్రీకృష్ణదేవరాయలున్నాడు. కాబట్టి మాట అటు మళ్ళింది. ప్రధాన వక్త నాకంటె వయసులో పెద్దవారు, పదవీ విరమణ చేసిన భాషాపండితులు. ఒక్క ఊపిరిలో రెండు తీర్పులు చెప్పారు. ఇలాంటి సినిమాలూ వాటిని చూసి పిల్లలు గీసుకునే బొమ్మల కథలూ తెలుగు నోటిని పాడుచేశాయని ఒకటి. కాలయంత్రం మనకు కొత్త కాదు, భాగవతంలో కకుద్మి కథ చదువుకోండి, పాశ్చాత్యులు మన దగ్గర్నుంచే ఎత్తుకుపోయారని రెండవది. అంటే ఆ వస్తువు చెడ్డదీ, మనదీ! ఈ రెండు మాటలూ ఒక నోట ఎలా ఇముడుతాయో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పక్కవారు కొట్టారు గదా అని నేనూ చేతులు కలిపాను. రాత్రి గుడివాడకు తిరిగివచ్చే బస్సులో నిద్ర పట్టలేదు. ఇంటికి రాగానే పాత ట్రంకు పెట్టె తీసి అట్ట ఊడిన ఒక రూళ్ళ పుస్తకం వెతికాను. దాని సంగతి చెప్పేముందు వక్తగారి రెండవ తీర్పుకు సమాధానం చెప్పుకోవాలి.

వారు కకుద్మి కథను సగమే చెప్పారు. రైవతుడనే ఆ రాజు తన కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్ళాడు. అక్కడ గానం జరుగుతోంది. మర్యాదస్తుడు కనుక ముగిసేదాకా ఆగాడు. తీరా అడిగేసరికి బ్రహ్మ నవ్వి, నీవు మనసులో పెట్టుకున్నవారే గాదు, వారి మనుమలూ మునిమనుమలూ కూడా లేరు, ఇరవై ఏడు మహాయుగాలు దాటిపోయాయి అన్నాడు. రాజు తిరిగివచ్చి పిల్లను బలరాముడికిచ్చి తపస్సుకు వెళ్ళిపోయాడు. గొప్ప కథ. నవమ స్కంధం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరించేది. కానీ గమనించండి, కాలం ఆయనను ముందుకు తోసింది. వెనక్కి వెళ్ళాలని ఆయన కోరనూ లేదు, బ్రహ్మ పంపుతాననీ అనలేదు. సాందీపని కొడుకును కృష్ణుడు తెచ్చి ఇచ్చాడు. యముడి దగ్గరికి వెళ్ళి తెచ్చాడే గాని, బిడ్డ సముద్రంలో పడిన రోజుకు వెళ్ళి చేయి పట్టుకుని లాగలేదు. సావిత్రీ అంతే. మన పురాణాలలో మృత్యువుతో వాదించినవారున్నారు, నిన్నటితో వాదించినవారు నాకు కనబడలేదు. 1895లో వెల్స్ దొర రాసిన నవలలో యాత్రికుడు సైతం లక్షల ఏళ్ళు ముందుకు ఉరికినవాడే.

కాలంతో ఆటలాడే సాహసం మన కవులకు లేదని నేను అనడం లేదు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ ముందు పుట్టి, మనుషులు తర్వాత పుడతారు. కథ నిజమయ్యే తీరును చూస్తే ఏ కాలయంత్రమూ దాని ముందు నిలవదు. అంతటి సూరనకు వారసులమని మీసం దువ్వే మనం, ఒక పన్నెండేళ్ళవాడు కాలాన్ని మెలిపెట్టబోతే ఏం చేశాం? నేనేం చేశానో చెబుతాను.

1991 నవంబరు. దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాల. నేను ముప్పై రెండేళ్ళ గ్రేడు-2 తెలుగు పండితుణ్ణి. ఏడవ తరగతి. ప్రతిపదార్థాలు దిద్దుతూ ఒక పుస్తకం తిరగేస్తే వెనుక అట్ట వైపు నుంచి మరో పుస్తకం మొదలైంది. స్కేలు పెట్టి గీసిన గళ్ళు, గళ్ళలో బొమ్మలు, మనుషుల నోళ్ళ దగ్గర బుడగలు, బుడగలలో మాటలు. ‘ఆదిత్య 369’ ఆ ఏడాది జూలై 18న విడుదలైంది. నందమూరి వారి స్వగ్రామం నిమ్మకూరు గుడివాడ దాపునే కాబట్టి, బాలకృష్ణ సినిమా అంటే మా వైపు జాతరే. ఈ కుర్రవాడు మేనమామ వెంట గుడివాడ వెళ్ళి చూసి వచ్చాడట. తిరిగివచ్చినది మొదలు వాడి తెలుగు పుస్తకం వెనుక నుంచి నిండడం మొదలైంది.

అరచేతుల మీద చెరి ఒక దెబ్బ వేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎర్రసిరా కలం తీసి ఆ బొమ్మల కథను మొదటి నుంచి చివరిదాకా దిద్దాను. అడుగున ఇలా రాశాను: “గతజల సేతుబంధనము వలె వ్యర్థప్రయత్నము. పద్యములు పదిసార్లు వ్రాయుము.” అప్పట్లో నాకు ఆ న్యాయం వాడడం ఎంత సంబరమో! నీళ్ళు పోయాక కట్ట కట్టడం. పుస్తకం స్వాధీనం చేసుకున్నాను. అది సొరుగులోకి, బదిలీ అయినప్పుడు పెట్టెలోకి, 2019లో ఉద్యోగ విరమణతో గుడివాడ ఇంటి అటక మీదికి చేరింది.

ఆ రాత్రి దాన్ని కూర్చుని చదివాను. దిద్దడానికి గాక చదవడానికి ఆ పుస్తకం తెరవడం అదే మొదలు.

కథ పేరు ‘ఆదిత్య 19-11-77’. దాన్ని 1991లో ఏదో లారీ నంబరు అనుకుని చుట్టూ సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టాను. దివిసీమలో ఉద్యోగం చేస్తూ! 1977 నవంబరు 19 అంటే ఏమిటో మీలో తెలియనివారుంటే చెబుతాను. ఆ రోజు తుపాను వెంట సముద్రం లేచి దివిసీమ మీదికి వచ్చింది. తాళ్ళ ఎత్తున అని చెప్పుకున్నారు. సుమారు పదిహేను అడుగుల ఉప్పెన ఊళ్ళ మీదుగా మైళ్ళకొద్దీ లోపలికి నడిచింది. పదివేలమందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పక్క ఊళ్ళు, ఈ పేర్లు మాకు ఊళ్ళ పేర్లుగా కంటె ఏడుపులుగానే గుర్తు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు, బందరులో చదువుతున్నాను. ఆ తర్వాతి వారాలలో అవనిగడ్డ దారిన చూసినవి ఇక్కడ రాయను. చూసినవాణ్ణే, పద్నాలుగేళ్ళకు ఆ తేదీని లారీ నంబరు చేశాను.

వాడి కాలయంత్రం సినిమాలోదానిలా లేదు. వడ్ల గాదెకు తెరచాప కట్టినట్టుంది. నడిపేవాడి చేతిలో మీటలకు బదులు పడవ నడిపే గెడ ఉంది. యంత్రం ముందుగా 1526కు వెళుతుంది. సినిమాలోనూ రాయలను చూసింది ఆ సంవత్సరంలోనే. కానీ వీడు హంపీకి వెళ్ళలేదు. శ్రీకాకుళం వెళ్ళాడు, అనగా మన కృష్ణాతీరపు శ్రీకాకుళం, ఘంటసాల దాపున ఆంధ్రమహావిష్ణువు కోవెల ఉన్న ఊరు. కళింగ దండయాత్ర దారిలో రాయలు అక్కడ ఆగడం, స్వామి కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమనడం, ఆముక్తమాల్యద పుట్టడం మీకు తెలిసిందే. వాడికెలా తెలిసింది? నేనే చెప్పాను! ఆ ఆగస్టులో రెండు రోజుల పాటు, పాఠ్యపుస్తకం మూసి, పక్కనే ఉన్న ఊరి గొప్ప మీకు తెలియదురా అని గొంతు చించుకున్నాను. తరగతిలో ఒక్కడైనా వినలేదనుకున్నాను. విన్నవాడి చేతుల మీద బెత్తం విరిచాను. సంవత్సరం లెక్క కుదరదు, కావ్యం అంతకు ముందటిది, అని దాని పక్కనా ఎర్రగీత పెట్టాను.

రాయలను వాడు ఏమడిగాడో వినండి. ఏనుగులు! ఏనుగులు నీళ్ళలో మునగవట, ఒక్కోదాని మీద పదిమందిని ఎక్కించవచ్చునట. రాయలు సరేనని, ఏనుగులతో పాటు భేరీలు వాయించేవాళ్ళనూ ఇస్తాడు, నిద్రపోయేవాళ్ళను లేపడానికి. గాదె యంత్రంలో అన్ని ఏనుగులు ఎలా పట్టాయన్న సందేహం వాడికి రాలేదు. పుష్పకంలో వానరసేన ఎలా పట్టిందని నాకూ ఎప్పుడూ రాలేదు.

ఇక యంత్రం 1977 నవంబరు 18 రాత్రి దివిసీమలో దిగుతుంది. పంతొమ్మిదిన కాదు, పద్దెనిమిదిన. ఒక రోజు ముందు. ఈ ఒక్క రోజు లెక్కలో ఎంత వివేకముందో ఎర్రసిరా పండితుడికి అందలేదు. కుర్రవాడు తోచక అల్లిన లెక్క కాదు అది. 1990 మే 9న మరో పెద్ద తుపాను సరిగ్గా కృష్ణ సాగర సంగమం దగ్గరే తీరం దాటింది. ఆ వేళకు ముందే హెచ్చరికలు వచ్చాయి, లక్షన్నరమందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. పోయినవారు వేయికి లోపు. అదీ తక్కువ కాదు, కానీ పదివేలు ఎక్కడ, వేయి ఎక్కడ! పదకొండేళ్ళ వయసులో ఈ కుర్రవాడు తుపాను షెల్టరులో కూర్చుని ఆ తేడాను కళ్ళారా చూశాడు. ఒక రోజు ముందు తెలిస్తే చాలు, మనుషులు మిగులుతారని వాడికి అనుభవం చెప్పింది. ఆ మరుసటేడు సినిమా వచ్చి నిన్నటికి వెళ్ళే బండి ఒకటుందని చెప్పింది. రెంటినీ కలిపాడు. దీన్ని మనం పలాయనం అంటాం, పగటికల అంటాం. నేనైతే సంస్కృతంలో తిట్టాను.

ఆ న్యాయం గురించి కూడా రెండు మాటలు. గతజల సేతుబంధనము అనే ఎత్తిపొడుపు ఏ ఎడారి పండితుడు కనిపెట్టాడో గాని, కృష్ణా డెల్టాకు అది వర్తించదు. ఇక్కడ కట్టిన ప్రతి కట్టా నీళ్ళు పోయాక కట్టినదే. 1832-33 నాటి నందన కరవులో జనం లక్షలుగా పోయాకనే కృష్ణకు ఆనకట్ట కావాలన్న మాట గట్టిపడింది, 1855కు అది పూర్తయింది. 1952లో ఆ ఆనకట్టకు గండి పడ్డాకనే ప్రకాశం బ్యారేజీ కట్టడం, 1957లో పూర్తి చేయడం. 1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచి ముప్పై వేలమందిని మింగింది. 1977లో దివిసీమ పోయింది. ఆ తర్వాతనే షెల్టర్లు, హెచ్చరికలు, 1990 నాటి ఖాళీ చేయింపు. పోయిన నీటిని తలచుకుంటూనే రాబోయే నీటికి కట్ట కట్టుకుంటాం మేము. కరకట్ట మీద నడిచి బడికి వచ్చే పిల్లవాడికి ఈ సంగతి తెలుసు. ఆ కరకట్ట మీదే సైకిలు తొక్కుకుంటూ వచ్చే పంతులికి తెలియలేదు.

ఇప్పుడు మొదటి తీర్పు: బొమ్మల కథలు తెలుగును పాడు చేస్తాయట.

వక్తగారి తెలుగూ నా తెలుగూ ఎక్కడివి? బందరులో మా ఇంటికి నెలనెలా వచ్చే చందమామ నుంచి. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు, వాటికి చిత్రా బొమ్మలు, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు. తెర వెనుక కొడవటిగంటి కుటుంబరావు గారి కలం. ఆ రాక్షసులనూ కోటలనూ పలక మీద గీయని పిల్లవాడు మా వీధిలో లేడు. నేనూ గీశాను. అయితే చందమామవి బొమ్మలున్న కథలు, ఈ కుర్రవాడిది బొమ్మలే కథ, రెండూ ఒకటి కావు అని వక్తగారు అనవచ్చు. ఒప్పుకుంటాను. మరి బుజ్జాయి గారి మాటేమిటి? డుంబును గీసినవారు, పంచతంత్రాన్ని బొమ్మల కథగా మలిచినవారు, సాక్షాత్తు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కుమారులు. భావకవి ఇంట్లో బొమ్మల కథ పెరిగింది. కృష్ణశాస్త్రి గారి తెలుగు ఏమైనా చెడిందా?

బందరులో నిలబడి ఈ మాట అనడం మరీ విడ్డూరం. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు పండిత పదవిలో ఉండి విశ్వనాథ వంటి శిష్యులను తయారుచేసిన ఊరు అది. మా వృత్తికి గురుపీఠం. ఆ ఊళ్ళోనే ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు గారు తర్వాత అక్కడే ప్రధానాచార్యులయ్యారు. నారాయణరావు, హిమబిందు రాసిన చెయ్యీ బొమ్మలు వేసిన చెయ్యీ ఒకటే. పక్కనే పెడనలో అద్దకం వారు ఇప్పటికీ గుడ్డ మీద బొమ్మ దించుతూనే ఉన్నారు. రాసే చెయ్యి వేరు, గీసే చెయ్యి వేరు అని ఎవరు పంచారు? బడిలో పీరియడ్లు పంచినవాళ్ళు పంచారు. వారి తరఫున బెత్తం పట్టుకున్నవాళ్ళం మేము.

నిజం చెప్పాలంటే తెలుగును పాడుచేసింది ఆ పుస్తకంలో ఒక్కరే, ఎర్రసిరావాడు. ఒక గడిలో మనిషి గుడిసెల మధ్య పరుగెడుతూ అరుస్తున్నాడు. బుడగలో కుర్రవాడు రాసిన మాట: “లెగండి లెగండి నీళ్ళొత్తన్నాయ్ ఎల్లిపోదాం రండి”. నా దిద్దుబాటు: “లేవండి. నీరు వచ్చుచున్నది. వెళ్ళిపోదము రండి.” పైగా మూడు చోట్ల బిందువులు పెట్టాను. ఉప్పెన వస్తుంటే! అర్ధరాత్రి సముద్రం తలుపు తడుతుంటే “వచ్చుచున్నది” అని అరిచేవాడి మాటకు ఎవడైనా లేస్తాడా? గిడుగు రామమూర్తి గారు 1940లో పోయారు. ఏటేటా ఆగస్టు 29న వారి పటానికి దండ వేసి, వాడుక భాష వైభవం మీద అరగంట ఉపన్యసించినవాణ్ణి నేను. ఆ దండ వేసిన చేతితోనే ఈ దిద్దుబాటు చేశాను. 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలకు పూనిక వహించిన మండలి వెంకటకృష్ణారావు గారు దివిసీమ మనిషే. దివిసీమ వాళ్ళు ప్రపంచానికంతటికీ తెలుగు పండుగ చేసి చూపించారు. వాళ్ళ పిల్లలు మాట్లాడే తెలుగు మాత్రం మా తరగతి గదిలో తప్పు.

ఇంకొక గడి ఉంది. గుడిసె గుమ్మంలో అయిదారేళ్ళ ఆడపిల్ల, రెండు జడలు. గెడ పట్టుకున్నవాడు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బుడగలో ఒకే మాట: “అక్కా”. నా ఎర్రసిరా: “ఎవరు? స్పష్టము చేయుము. పెద్దవాడు చిన్నపిల్లను అక్క అనుట దోషము.”

పన్నెండవ పుటలో గళ్ళు గీసి ఉన్నాయి. బొమ్మలు లేవు. పుస్తకం అప్పటికే నా సొరుగులో ఉంది.

ఆ కుర్రవాడికిప్పుడు నలభై ఆరు నిండాయి. ఆచూకీ తీస్తే గుడివాడలోనే దొరికాడు, చేపల మేత వ్యాపారం. నేను ఇన్నేళ్ళుగా కూరగాయలకు వెళ్ళే దారిలోనే దుకాణం. పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళాను. “నమస్కారం మాస్టారూ” అని లేచి కుర్చీ వేశాడు. బెత్తం దెబ్బలు గుర్తు లేవన్నాడు. ఏనుగులు గుర్తున్నాయి. పుటలు తిరగేస్తూ ఒక్కోచోట నవ్వాడు. గుమ్మంలోని ఆడపిల్ల దగ్గర నవ్వలేదు. “నేను పుట్టక ముందేనండి. ఫోటో కూడా లేదు. మా నాయనమ్మ చెప్తే గీశా. జడలు రెండని చెప్పింది,” అన్నాడు. కొంతసేపు ఊరుకుని, “అక్క అని రాస్తే తప్పన్నారు గదండి మీరు. ఇంటికెళ్ళి అడిగా. మా నాయనమ్మ తప్పు కాదు, ఎప్పటికైనా అక్కేరా అంది,” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పద్దెనిమిదవ తేదీ రాత్రి ఆ పిల్ల యంత్రం ఎక్కిందా అని అడగాలనుకున్నాను. అడగలేదు. మేత బస్తాల కోసం ఎవరో వచ్చారు. పుస్తకం అతని ముందు పెట్టి లేచాను. అతను దాన్ని తిరిగి నా సంచిలోనే పెట్టాడు.

“మీ దగ్గరే ఉంచండి మాస్టారూ. మా ఇంట్లో చెదలు.”